రోజూ తెరిచి చూసే ఒక్క ఫైలు

"ఫైల్లో పదిహేడు మంది ఏజెంట్ల పేర్లున్నాయి. మూడోది మీ అక్కది," అన్నాడు చీఫ్.

డిపార్ట్‌మెంట్లో 'పిల్లి' అని పిలిచే ఆ గూఢచారి కుర్చీ ముందుకి జరుపుకున్నాడు. అక్క నాలుగేళ్లుగా శత్రుదేశంలో దర్జీ వేషంలో ఉంది. పేరు బయటపడితే ఆమె బతకదు.

"మన ఫైళ్లు దూరపు సర్వర్‌కి బ్యాకప్ వెళ్తాయి. గది దాటకముందే సాఫ్ట్‌వేర్ ఒక్కోదాన్నీ ఎన్‌క్రిప్ట్ చేసేస్తుంది. దారిలో కాజేసినవాడికి చెత్తే దొరుకుతుంది. కానీ బ్యాకప్ బాగుందో లేదో చూడ్డానికి గుమాస్తా రోజూ నాలుగింటికి ఒక ఫైలు వెనక్కి తెప్పించి, పాస్‌వర్డ్ కొట్టి తెరుస్తాడు. ఆ కాసేపు దానికి ఏ రక్షణా ఉండదు."

"కొత్త ఆడిటర్ వచ్చేదీ నాలుగింటికే."

"ఆవిడ డబుల్ ఏజెంట్. సాక్ష్యంతో పట్టుకో. కోడ్‌వర్డ్ 'ఫ్యూజు పోయింది'. అనగానే మనవాళ్లు వస్తారు."

పిల్లి ఏసీ మెకానిక్ వేషంలో సర్వర్ గదిలో దూరాడు. అద్దాల గోడకి అవతలే గుమాస్తా బల్ల. సరిగ్గా నాలుగింటికి ఆడిటర్ వచ్చింది. ఆమెను చూసి గుమాస్తా కళ్లజోడు సర్దుకున్నాడు. ఆమె పిల్లి వైపు చూసి అందంగా నవ్వి, సర్వర్ గది తలుపుకి బయట నుంచి తాళం వేసింది.

"ఫ్యూజు పోయింది," అన్నాడు పిల్లి గుండీలోని మైకులోకి. జవాబు లేదు. ఇనుప అరల మధ్య సిగ్నల్ ఏనాడో చచ్చింది.

పెదవుల కదలిక చదవడం అతనికి ట్రైనింగులో నేర్పారు. నేర్పకపోయినా బాగుండేది.

"ఈరోజు ఏజెంట్ల జాబితా చెక్ చేయండి," అంది ఆడిటర్.

"అలాగే మేడమ్."

ఆమె హెయిర్‌క్లిప్పు తీసి కంప్యూటర్ వెనక గుచ్చింది. తెరిచిన ఫైలునల్లా అది కాపీ చేసుకుంటుంది. ఆడిటర్లు స్క్రీన్ చూడకూడదని రూలు కనుక, బుద్ధిగా అటు తిరిగి నిలబడింది.

పిల్లి అద్దం బాదాడు. ఏసీ చల్లగానే ఉందన్నట్టు గుమాస్తా బొటనవేలు చూపించాడు. జేబులో తుపాకి ఉంది కానీ అద్దం బుల్లెట్‌ప్రూఫ్, పైగా అది పెట్టించమని పోరింది తనే. స్క్రీన్ మీద పచ్చగీత నిండింది. ఆమె క్లిప్పు జడలో పెట్టుకుని వెళ్లిపోయింది. పిల్లి నేల మీద కూలబడి, చిన్నపిల్లాడిలా ఏడ్చాడు.

కాసేపటికి గుమాస్తా తలుపు తీశాడు. "ఏం బాబూ, అంతలా బాదావ్?"

పిల్లి గుర్తింపు కార్డు చూపించాడు. "ఆవిడ శత్రువుల మనిషి, బాబాయ్. మీరు తెరిచిన జాబితాలో మా అక్క ఉంది."

గుమాస్తా మొహం పాలిపోయింది. గొంతు తగ్గించాడు. "చీఫ్‌గారితో అనకు. ఆ జాబితా ఫొటోలూ వేలిముద్రలూ ఉన్న ఫైలు, తెప్పించి తెరవాలంటే ముప్పావుగంట పడుతుంది. నా బస్సు నాలుగున్నరకి. పదకొండేళ్లుగా రిజిస్టర్లో ఏది రాసినా, నేను తెరిచేది అన్నిట్లోకీ చిన్న ఫైలు ఒక్కటే."

"ఏ ఫైలు?"

"మూడో అంతస్తులో కుళాయి కారుతోందని నేను పెట్టుకున్న అర్జీ."

పదకొండేళ్లుగా సొంత ఆఫీసులో ఒక్కరూ చదవని ఆ అర్జీని, ఆ వారం శత్రుదేశంలో పన్నెండుమంది నిపుణులు కూర్చుని, అక్షరం వదలకుండా ఏడుసార్లు చదివారు.