మొదటి నీళ్ళు

పెన్నకు వరదొచ్చి ఆత్మకూరు బస్సులు మూడు రోజులు నిలిచిపోయినాయే, ఆ మరుసటి ఏడాది సంగతి. ఉదయగిరి జనానికి పళ్ళెందుకు గారపడతాయో, ముసలాళ్ళకు మోకాళ్ళెందుకు బిగుసుకుంటాయో, బావినీళ్ళలో ఏముండాదో కనుక్కునేదానికి పరిశోధన డాక్టర్లు వచ్చినారు. వాళ్ళ వెంట సీసాల పెట్టె మోసుకుని ఆత్మకూరు పిల్ల జీనత్ వచ్చింది.

కొయ్యగరిటెలు చెక్కే రసూల్ అరుగు మీద పెట్టె దించింది. రసూల్ చప్పున తుండుగుడ్డ నోటికి అడ్డం పెట్టుకున్నాడు. ఇరవై నాలుగేళ్ళవాడు. పళ్ళ నిండా గోధుమరంగు చారలు. ఈడు ఆడపిల్లల ముందు ఏనాడూ నోరు తెరవలేదు.

"పంటినొప్పా?"

తల అడ్డంగా ఊపినాడు.

"మౌనవ్రతమా? మంచిదే, నా మాట వింటారు. ఈ సీసాలు వీధిలో పంచాలి. రేపు పొద్దున లేస్తానే..." అసలు మాట నోటికి రాక జీనత్ ముఖం ఎర్రబడింది. "లేస్తానే మొదటి నీళ్ళు పట్టమని మీరే చెప్పండి. నేను చెప్పలేను."

నీళ్ళనేదానికి అంత సిగ్గేందో రసూల్‌కు తెలియలేదు. ఆ కళ్ళు చూసినాక అడగాలనీ తోచలేదు.

మొదటి నీళ్ళంటే బావిలో తోడే మొదటి చేదేనని ఆ రాత్రే వీధంతా చెప్పినాడు. తెల్లారకముందే బావి దగ్గర యుద్ధం. సీసాలు ఇరవై, మొదటి చేద ఒకటే.

"నా సీసాలో ఒక్క చుక్కన్నా పొయ్యి, కొండలయ్యా!" అని పక్కింటి సుగ్రాబీ, నీళ్ళు తోడుతున్న కొండలయ్య చేదకు అడ్డం పడింది.

స్కూలు వరండాలో చంద్రశేఖర్ డాక్టరు ఒక సీసా ఎత్తి వెలుతురులో చూసినాడు. రెండోదీ చూసినాడు.

"ఏంది జీనత్ ఇది? మూత్రం తెమ్మంటే బావి తోడుకొచ్చినావే! రేపు కూడా ఇట్టే ఉంటే ఆత్మకూరు బస్సెక్కు."

వరండా అంతా నవ్వింది. సీసాల గంప మోసుకొచ్చి పక్కనే నిలబడిన రసూల్ వైపు జీనత్ చూసింది. తప్పు నాది అంటే చాలు. అనాలంటే నోరు తెరవాలి కదా. రసూల్ తల వంచుకున్నాడు. ఇల్లు చేరేదాకా ఎత్తలేదు.

సాయంత్రం ఆమే వచ్చి కొత్త సీసాల పెట్టె అరుగు మీద దించింది.

"నేను సిగ్గుపడి చెడినాను, సరే. మీరేం మనిషండీ? ఒక్క మాట సాయం రాలేదే!"

రసూల్ చేతిలో ఉలి ఆగింది. మెల్లిగా తుండుగుడ్డ తీసినాడు. కళ్ళు మూసుకుని నోరు తెరిచినాడు.

ఆమె నవ్వలేదు.

"దీనికోసమా?" అంది. "రసూల్ గారూ, ఈ పళ్ళు చూసేదానికే కదండీ నేను బస్సెక్కి వచ్చింది!"

"ఇంకెన్నాళ్ళుంటారు?" అదే అతను ఆమెతో ఆడిన మొదటి మాట.

"రేపు సీసాలు సరిగ్గా వస్తే, రంజాన్ దాకా."

మర్నాడు పొద్దు పొడవకముందే రసూల్ తుండుగుడ్డ లేకుండా వీధిలోకొచ్చినాడు. ఇరవై తలుపులూ కొట్టినాడు. "నీళ్ళు కాదు, ఉచ్చ! మొన్న తప్పు చెప్పింది నేనే!" అని నోరంతా తెరిచి అరిచినాడు. సీసాలన్నీ గంపలో పెట్టుకుని బజారు నడిమధ్యన నడిచి, డాక్టరు ముందు దించి, జీనత్ వైపు తిరిగి, చారల పళ్ళన్నీ కనపడేలా నవ్వినాడు.