నల్లులు లేవని రాసిచ్చిన మంచం

"చెప్పులు బయటే వదలండి. ఆ సంచీ మాత్రం కింద పెట్టకండి. అందులోంచి రెండు నల్లులు దిగాయంటే మా కొంప మునుగుతుంది!"

తలుపు తీస్తూనే క్లాసు పీకింది టీచరమ్మ. ఇళ్ళల్లో నల్లులున్నాయో లేవో చూసి చెప్పడం నా ఉద్యోగం. ఆరేళ్ళుగా ఇలాంటి స్వాగతాలకి అలవాటు పడ్డవాణ్ణి కాబట్టి, పట్టించుకోకుండా టార్చి వెలిగించాను.

"పక్కవాటాకి నల్లులు పాకింది ఇక్కణ్ణుంచే. ఉన్నాయని తేలితే సాయంత్రానికి ఖాళీ చెయ్యాల్సిందే," గుమ్మంలోంచి హుకుం జారీ చేశాడు ఇంటి ఓనరు.

టీచరమ్మ వాళ్ళ నాయనమ్మ చేతికర్ర గట్టిగా పట్టుకుంది. ఆవిడకి నాలుగడుగులే గగనం. సాయంత్రానికి ఎక్కడికి పోతారు?

పరుపు కుట్లు, మంచం సందులు, స్విచ్ బోర్డు వెనక, క్యాలెండరు వెనక అంతా గాలించాను. ఒక్క గుడ్డు లేదు, నల్లి విడిచిన పొట్టు లేదు.

"మరి ఈ రక్తం మరకలో?" ఓనరు దుప్పటి లాగాడు. నిజమే, డజను ఎర్రచుక్కలు. టీచరమ్మ ముఖం పాలిపోయింది.

తడి దూదితో రుద్దాను. రక్తమైతే తుప్పురంగులో సాగాలి. ఇది గులాబీరంగులో విచ్చుకుంది.

"మేడమ్, పరీక్ష పేపర్లు ఎక్కడ కూర్చుని దిద్దుతారు?"

"మంచం మీదే..." నాలిక్కరుచుకుంది. "ఎర్రపెన్నుకి క్యాప్ పెట్టకుండానే నిద్రపోతుంటానండీ."

"పిల్లలకి మాత్రం అజాగ్రత్తని మార్కులు కోస్తావు!" నాయనమ్మ అంటించింది.

'నల్లులు లేవు' అని రాసి, సంతకం పెట్టి ఇచ్చాను. ఓనరు గొణుక్కుంటూ వెళ్ళిపోయాడు.

టీచరమ్మ కళ్ళు తుడుచుకుంది. "మీ మేలు మర్చిపోలేనండీ. కూర్చోండి, మంచినీళ్ళు తెస్తా."

"వద్దండీ. పనికెళ్ళిన ఇంట్లో నేను కూర్చోను. కూర్చోమని ఎవరూ అనరు కూడా. మా అమ్మ కూడా నన్ను బట్టలు మార్చుకోనిదే లోపలికి రానివ్వదు."

"లేవని రాసిచ్చింది మీరేగా? మీ సంతకం మీద మీకే నమ్మకం లేదా?" దుప్పటి సర్ది, మంచం చూపించింది.

కూర్చున్నాను. ఆరేళ్ళలో మొదటిసారి.

"థాంక్సండీ."

"అదేంటి, నేను కదా చెప్పాలి! దేనికి?"

"కూర్చోమన్నందుకు."

ఆమె నవ్వలేదు. నీళ్ళగ్లాసు చేతికిచ్చి, పక్కనే నిలబడిపోయింది. ఆ క్షణమే ఆమె మీద మనసు పడ్డాను.

"మళ్ళీ తనిఖీ ఎప్పుడు బాబూ?" నాయనమ్మ అడిగింది.

"అక్కర్లేదండీ, ఇల్లు శుభ్రంగా..."

"నాకు అక్కరుంది. ఆదివారం రా. మీ అమ్మని కూడా తీసుకురా."

"నాయనమ్మా!" అంది టీచరమ్మ, ఎర్రబడ్డ ముఖం పక్కకి తిప్పుకుంటూ. వద్దని మాత్రం అనలేదు. నేను చెప్పులేసుకుంటుంటే గుమ్మం దాకా వచ్చింది.

"ఆదివారం ఆ సంచీ ఇంట్లోనే వదిలేసి రండి," అంది మెల్లగా.