పాట మొదలవగానే లేచి వెళ్లిపోయే నాన్న

ఆ శనివారం ఉదయం కూడా ఏసుకుమార్ టీ కాచి, అలవాటు కొద్దీ మూడు గ్లాసులు తీశాడు. రెండు మళ్లీ అల్మారాలో పెట్టేశాడు. పన్నెండు రోజులుగా ఇదే వరస. భార్య శాలిని, పదకొండేళ్ల కూతురు ఏంజెల్ పోలండులో ఉన్నారు. అక్కడ పద్దెనిమిది దేశాల పిల్లలకి పాటల పోటీ, ఆ సాయంత్రమే టీవీలో ప్రసారం. పిల్లకి తోడుగా ఒక్కరినే రానిస్తామన్నారు. ఇంగ్లిషు టీచరు కాబట్టి శాలిని వెళ్లడమే మంచిదని అతనే అన్నాడు. వాళ్లు వెళ్లిన రోజు నుంచీ ఇల్లు బావురుమంటోంది.

ఏసుకుమార్ ఆకివీడు చేపల చెరువుల మీద సూపర్‌వైజరు. చర్చిలో మాత్రం పాట ఎత్తుకునేది అతనే. అతను పల్లవి ఎత్తుకుంటే పక్కన నిలబడ్డ ఏంజెల్ అందుకునేది, ఆ తర్వాతే సంఘమంతా. పోటీకి నేర్పించిన మాస్టారు అదే తప్పు పట్టారు. ఎవరో ఒకరు మొదలుపెడితే గానీ పిల్ల నోరు విప్పడం లేదన్నారు. దాంతో పాప పాడేటప్పుడు గొంతు కలపొద్దని శాలిని మొగుడికి మెత్తగా చెప్పింది.

గొంతు కలపొద్దంటే ఈ మహానుభావుడు గడపే దాటాడు. ఇంట్లో ఉంటే నోరు ఊరుకోదని అతనికి తెలుసు. మూడు నెలల పాటు, కూతురు సాధన మొదలుపెట్టగానే చెరువుల మీదికంటూ బయల్దేరేవాడు. పిల్ల కోసం ఎంత ఓర్చుకుంటున్నానోనని లోలోపల కాస్త గర్వం కూడా పడ్డాడు.

పదకొండున్నరకి శాలిని వీడియో కాల్ చేసింది. అక్కడ అప్పుడే తెల్లవారుతోంది. నిన్న రిహార్సల్‌లో రెండుసార్లు సంగీతం సాగిపోయినా ఏంజెల్ నోరు తెరవలేదని, రాత్రి అన్నం కూడా ముట్టలేదని చెప్పింది. ఆమె కళ్లు వాచి ఉన్నాయి.

“పాప పాట ఒక్కసారైనా కూర్చుని విన్నారాండీ?”

“గొంతు కలపొద్దన్నది నువ్వే కదా.”

“కలపొద్దన్నానండీ. ఇంట్లోంచి పొమ్మన్నానా?”

శాలిని ఫోను కూతురి చేతికిచ్చింది.

“నా పాట బాగోదా నాన్నా?” అంది ఏంజెల్.

“అదేంటమ్మా, అలాగంటావు?”

“నేను మొదలెట్టగానే నువ్వు చెప్పులేసుకునేవాడివి. నిన్న స్టేజి మీద అదే గుర్తొచ్చింది.”

ఏసుకుమార్‌కి అప్పుడు అర్థమైంది. తను త్యాగం అనుకున్నది పిల్లకి అయిష్టంలా కనిపించిందన్నమాట.

“బాగోక కాదు తల్లీ. నోరు మూసుకుని కూర్చోవడం చేతకాక పోయేవాణ్ణి. మనింటెనక కాలవ గట్టు దగ్గరే ఆగిపోయేవాణ్ణి. నీ పాట అయ్యేదాకా అక్కడే నిలబడి వినేవాణ్ణి.”

“నాకు కనబడలేదుగా.”

అతను ఫోనుని పంచదార డబ్బాకి ఆనించి, ఎదురుగా కుర్చీ లాక్కున్నాడు. బయట చేపల మేత లారీ వచ్చి హారన్ కొట్టింది. డ్రైవరు అతన్ని పేరు పెట్టి పిలిచాడు. ఫోనులో ఏంజెల్ రెప్ప వేయకుండా చూస్తోంది, నాన్న లేస్తాడేమోనని.

“కూర్చున్నానమ్మా,” అన్నాడు. “పాడు.”

ఎవరి అండా లేకుండా ఏంజెల్ పల్లవి ఎత్తుకుంది. ఏసుకుమార్ పెదవులు బిగపట్టి, కారే కన్నీళ్లు తుడుచుకోకుండా, పాటంతా అయ్యేదాకా అలాగే కూర్చున్నాడు.