తెరుచుకోని బానెట్

కాఫీ చల్లారిపోతోందని అమ్మ రెండుసార్లు పిలిచినా నాన్న షెడ్డులోంచి కదల్లేదు. ఆ పాత బ్రిటిష్ స్పోర్ట్స్ కారు బానెట్ తెరుచుకోవడం లేదు. లోపలి పిడి లాగితే కేబుల్ ఊరికే జారి చేతికొస్తోంది. ఆయిల్ చూడకుండా ఇంజను స్టార్ట్ చెయ్యడం ఆయన జన్మలో ఎరగడు.

"ఇది నీ పనే! ఆదివారం వచ్చినప్పుడు ఆ పళ్ళు పీకే చేత్తో దీన్నీ కెలికావు," అన్నాడు, చూడ్డానికొచ్చిన కూతుర్ని.

"అద్దాలు తుడిచానంతే నాన్నా!"

అనైతే అంది గానీ, పళ్ళ డాక్టరమ్మకి తన మీద తనకే అనుమానం వచ్చింది. చెయ్యి ఎక్కడైనా తగిలిందా? అమ్మనడుగుదామంటే, ఆవిడ గుమ్మంలో నిలబడి తుడిచిన గ్లాసునే మళ్ళీ మళ్ళీ తుడుస్తోంది.

కూతురు బట్టల హ్యాంగరు తీగని కొక్కెంలా వంచి, ముందు జాలీలోంచి లోపలికి దూర్చి తడిమింది.

"పైనుంచి నొక్కు నాన్నా... ఇప్పుడొదులు!"

టక్కుమంది. బానెట్ లేచింది.

"నోరు తెరిపించడం నా వృత్తి," అని నవ్వబోయి ఆగిపోయింది. కేబుల్ తెగలేదు. దాన్ని బిగించే స్క్రూ వదులు చేసి, కొసని పద్ధతిగా పక్కకి తప్పించి ఉంది.

"ఎవరో విప్పారు! ఈ ఇంట్లో స్క్రూడ్రైవర్ పట్టేది నువ్వూ నేనూ కాక ఇంకెవరు?" అంది నాన్నతో.

"నేను," అంది అమ్మ. "ఇన్నేళ్ళూ పక్కన టార్చి పట్టుకు నిలబడ్డాను. ఆమాత్రం రాదా?"

"ఎందుకమ్మా?"

"ఆయిల్ చూడందే ఆయన బయల్దేరరుగా! మొన్న బ్రెడ్డు తెస్తానని వెళ్ళి, మన వీధి మలుపులోనే కారాపుకుని కూర్చున్నారే. ఇల్లెటో తెలియక. నన్ను చూసి చిన్నపిల్లాడిలా ఏడ్చారు. నీకు చెప్పొద్దని ఒట్టేయించుకున్నారు."

"ఇంజను ఆగిపోయిందంతే..." అన్నాడు నాన్న. ఆ మాట ఆయనే నమ్మలేనట్టు మధ్యలో వదిలేశాడు. కూతురికి ఎవరి మీద కోప్పడాలో అర్థం కాలేదు. వంగి స్క్రూ బిగించింది. చూపు మసకేసి స్క్రూడ్రైవర్ రెండుసార్లు జారింది.

ఆయన ఆయిల్ చూశాడు. బానెట్ దించాడు. జేబులోంచి తాళాలు తీసి, కాసేపు చూసి, కూతురి చేతిలో పెట్టాడు. అటు తిరిగి వెళ్ళి, ఎన్నడూ కూర్చోని రెండో సీట్లో కూర్చున్నాడు.

కారు గేటు దాటగానే, "ఎటు వెళ్దాం నాన్నా?" అంది.

ఆయన ఇటు చూశాడు, అటు చూశాడు. మెల్లగా వెనక్కి తిరిగాడు.

"మీ అమ్మనడుగు."

గేటు దగ్గర నిలబడ్డ అమ్మ ఒక చేత్తో కళ్ళు తుడుచుకుంటూనే, రెండో చెయ్యెత్తి ఎడమ వైపు చూపించింది.