ముప్పావు గంట కదలకూడదు

ఈ అరబ్బు దేశంలో లైలా అనే ఊరు దాటినాక, సులయ్యిల్ ఇంకా రాకముందు, నజ్రాను పోయే రోడ్డు పక్కన మూతపడిన పెట్రోలు బంకు ఒకటి ఉంది. దానికి చెడ్డపేరు.

అక్కడ బండి ఆపితే ఎవరో వచ్చి తలుపు తడతారంట. మూడు దెబ్బలు... నిమ్మళంగా. తొంగి చూస్తే తెల్లగా, పొడుగ్గా, మొహం లేనిది ఒకటి నిలబడి ఉంటుందంట. దాన్ని చూసినవానికి వారం తిరక్కముందే ఏదో ఒక కీడు. ఒకని డ్రైవరు కార్డు ఆగిపోయింది. ఒకన్ని కంపెనీవాళ్ళు ఎగ్జిట్ కొట్టి ఇంటికి పంపేసినారు. ఇంకొకనికి జీతంలో కోత.

ఇదంతా నాకు చెప్పింది మా మనవడు ఇస్సాకు. వాడు అల్ ఖర్జ్ డెయిరీల నుంచి నజ్రానుకు పాలబండి తోలుతాడు. నేనూ, వాని పెండ్లాం ఫర్జానా విజిట్ వీసా మీద వాని దగ్గరికి వచ్చి ఉన్నాము. ఎడారిలో అన్నన్ని ఆవులున్నాయంటే మొదట్లో నేను నమ్మలేదు. కండ్లతో చూసినాక నమ్మినా. అందుకని వాడు చెప్పే దెయ్యాన్ని కూడా తొందరపడి కొట్టిపారేయలేదు.

"ఆ దెయ్యం ఎవరు నాయనా?" అని అడిగినా.

"పాతకాలం డ్రైవరంట జేజీ. రెండు దినాలు నిద్ర లేకుండా తోలి, స్టీరింగు మీదనే కన్ను మూసినాడంట. అప్పట్లో ఆగమని చెప్పే రూలు యాడిది? ఇప్పుడు మేము కునుకు తీస్తాంటే చూడలేక వస్తాడంట."

"చూడలేక కాదేమోలే. పాపం, వానికీ నిద్రొస్తాందేమో."

"అయితే పిలుస్తాలే, వచ్చి నీ మంచం మీద పండుకుంటాడు!" అని నవ్వినాడు.

ఆ రూలు సంగతి చెప్పాలి. ఇక్కడి సర్కారు పెట్టింది. పెద్ద బండి తోలేవాడు ఏకబిగిన నాలుగున్నర గంటలు తోలితే, ఆ తర్వాత ముప్పావు గంట ఆగి తీరాల. బండిలో ఒక మిషను ఉంటుంది. ఎక్కువ తోలినా, తక్కువ ఆగినా అది పోయి ఆఫీసులో చెప్పేస్తుంది. అట్లా తప్పు పడితే దాన్ని వీళ్ళు ముఖాలఫా అంటారు. నాకైతే ఈ రూలు బాగా నచ్చింది. మా ఊర్లో ఎద్దులకు కూడా మధ్యాహ్నానికి కాడి విప్పుతాము. మనిషికి విప్పడానికి ఇన్ని దినాలు పట్టింది, చూడు!

ఇస్సాకు పేరు మీద అప్పటికే ఒక ముఖాలఫా ఉంది. ఇంకొకటి పడితే ఎగ్జిటే అని మేనేజరు మొహం మీదనే చెప్పేసినాడు. వాని వీసా పోతే మా వీసాలు కూడా పోతాయి. ఫర్జానాకు ఎనిమిదో నెల నిండింది. విమానం ఎక్కనే ఎక్కొద్దని డాక్టరమ్మ గట్టిగా చెప్పింది. కాన్పు ఇక్కడే కావాల. అంటే వాని పని నిలవాల.

అట్లాంటప్పుడు ఒకనాడు వాడు ఎప్పటిమాదిరి లైలాలో ఆగుదామని చూస్తే, జాగా అంతా బండ్లతో నిండిపోయి ఉందంట. ఇంకా టైముంది గదా, ముందు ఇంకో బంకులో ఆగుదాంలే అని పోయినాడు.

పోతే — ఇసుక గాలి.

దాని వెంబడే ఒంటెల మంద, రోడ్డుకు అడ్డం. వాటికి ఏ మిషనూ లేదు గదా... అవి నెమరేసుకుంటా, తీరిగ్గా దాటినాయి.

చీకటి పడింది. మిషను కీ... కీ... అని మొదలుపెట్టింది. టైము అయిపోవస్తాంది, ఆగు అని.

దీపాల వెలుతురులో ఎదురుగా కనపడింది ఏమి?

ఆ బంకే!

అఖీల్ అని వాని కంటే పెద్ద డ్రైవరు ఒకడున్నాడు, మన రాయచోటివాడే. ఇస్సాకు వానికి ఫోను చేసినాడు.

"అన్నా, ఆ బంకు కాడ ఆగాల్సి వస్తాంది."

"నీకేమన్నా పిచ్చి పట్టిందా? తోలుకోని పో!"

"తోలితే ముఖాలఫా."

"ఆగితే శైతాను."

"శైతాను ఎగ్జిట్ కొట్టదు గదన్నా."

"యాల కొట్టదు? నాకు జీతం కోసింది ఎవరనుకున్నావు? ఆడ ఆగినా. తలుపు తట్టె. మళ్ళ ఊపిరి తీసుకోకుండా బండి ఎత్తుకోని వచ్చేసినా. మూడోనాటికి ముఖాలఫా! శైతాను కన్నుపడితే ఇంకేమొస్తాది?"

అంతలోకే సిగ్నలు పోయింది.

చేసేదేముంది, ఆగినాడు. వెనక పాలను చల్లగా ఉంచే మిషను ఒకటే గుర్రుమంటా ఉంది. క్యాబిన్లో లైటు ఆర్పేసినాడు. తలుపులు బిగించినాడు. దుప్పటి కప్పుకోని, దెయ్యాలు దగ్గరికి రాకుండా ఖురాన్లోని ఆయతుల్ కుర్సీ చదవడం మొదలుపెట్టినాడు. సగంలో మరిచిపోయి, మళ్ళీ మొదటికి వచ్చినాడు...

టక్... టక్... టక్.

కదల్లేదు. మెల్లగా కన్ను మాత్రం అద్దం వైపు తిప్పినాడు.

తెల్లగా... పొడుగ్గా. మొహం ఉండాల్సిన చోట ఏమీ లేదు.

"చెయ్యి దానంతట అదే తాళంచెవి మీదికి పోయింది జేజీ," అన్నాడు నాతో. "అప్పుడు ఫర్జానా మతికొచ్చింది. ఇంకో చేత్తో ఆ చెయ్యిని గట్టిగా పట్టుకున్నా."

టక్... టక్... టక్.

ఆ తర్వాత గుసగుస. బొంగురు గొంతు, హిందీలో —

"కాళ్ళు... కాళ్ళు చూపించు..."

 ఇన్ని కతల్లో ఈ మాట ఎవరూ చెప్పలేదే! ఇస్సాకు దుప్పట్లోనుంచే అడిగినాడు.

"నా కాళ్ళతో నీకేం పని?"

  బయటి నుంచి మళ్ళీ అదే గొంతు —

"చూపిస్తే... పోతా."

వాడు ఆలోచించినాడంట. కాళ్ళు పోతే పని పోవచ్చు. బండి కదిపితే మాత్రం పని ఖాయంగా పోతుంది. పోవచ్చు అనేదానికీ, పోతుంది అనేదానికీ తేడా ఉంది గదా! బిస్మిల్లా అని తలుపు జానెడంత తెరిచి, చెప్పు విడిచి, ఒక్క కాలు బయటపెట్టినాడు.

"ఏ కాలు నాయనా?" అన్నా నేను, ఉండబట్టలేక.

"ఎడమది జేజీ. కుడికాలికి బ్రేకు, యాక్సిలేటరు — రెండు పనులుండాయి."

కండ్లు మూసుకున్నాడు. పాదం మీద వెలుతురు పడింది. టార్చి. ఆ తర్వాత... మంచుగడ్డ మాదిరి వేళ్ళు వచ్చి వాని బొటనవేలిని పట్టుకున్నాయి. ఒకసారి నొక్కినాయి. మడమ దాకా తడిమినాయి.

"యా అల్లా!" అని ఒక్క కేక. "ముందుకే ఉండాయి! వేళ్ళు ముందుకే ఉండాయి!"

ఇస్సాకు కండ్లు తెరిచి చూస్తే, ఆ తెల్లనిది కాస్తా ఇసుకలో చతికిలబడి కూర్చుని ఉంది. ఇసుక గాలికని మొహానికి చుట్టుకున్న గుడ్డ విప్పింది. లోపల... నెరిసిన గడ్డం, బోసి నోరు. చంకలో చాయ్ ఫ్లాస్కు!

పేరు ఆఫ్తాబ్ అంట. బంగ్లాదేశీ ముసలాయన. మూతపడిన బంకుకు కాపలా.

"ముందు ఇక్కడ ఒక్క బండి కూడా ఆగేది కాదు బేటా," అన్నాడంట. "ఆ రూలు వచ్చినాకనే అప్పుడొకటి, ఇప్పుడొకటి ఆగడం మొదలైంది. మాట్లాడేదానికి మనిషి దొరికినాడని ఎంత సంబరపడినానో! చాయ్ కాచుకోని ఉరుకుతా. తలుపు తడతా. లోపల లైటుండదు, పలుకుండదు... బండి ఒక్క అరుపు అరిచి పారిపోతుంది. ఒకటి కాదు, రెండు కాదు, వచ్చిన ప్రతి బండీ అంతే! వీటిలో మనుషులు లేరు, జిన్నులే తోలుతాండాయి అనుకున్నా. ఈ పొద్దు ఎట్లైనా తేల్చుకుందామని వచ్చినా. దెయ్యానికైతే పాదాలు వెనక్కి ఉంటాయి గదా..."

అప్పుడు తెలిసింది మావానికి. ఆగీ ఆగకనే బండెత్తుకోని పారిపోతే, ముఖాలఫా రాక ఇంకేమొస్తుంది? ఆ కోతలు, ఆ ఎగ్జిట్లు ఏ శైతానూ పెట్టినవి కావు. రాయచోటి అఖీల్‌ను తలుచుకోని వాడు నవ్విన నవ్వుకు చాయ్ ముక్కులోకి ఎక్కిందంట.

ఇద్దరూ బండి మెట్టు మీద కూర్చుని ఫ్లాస్కు ఖాళీ చేసినారు. ముసలాయన తన ఊరి గురించి చెప్పినాడు, అక్కడి వాన గురించి చెప్పినాడు. అంతలో మిషను కీ అని కూసింది. ముప్పావు గంట అయిపోయింది, ఇంక పోవచ్చు అని. ముఖాలఫా లేదు. వాని పని నిలిచింది. ఫర్జానా కాన్పుకు కూడా ఇంక దిగులు లేదు.

ఇస్సాకు ఒక కాలు క్యాబిన్లో పెట్టి, ఎందుకో ఆగినాడు.

"చాచా, నా కాలు చూసినావు. నీవి చూడనే లేదు నేను."

ముసలాయన నేల దాకా జీరాడే తెల్లటి అంగీని రెండు చేతులా ఎత్తినాడు... టార్చిని కిందికి వంచినాడు.

 రెండు పాదాలూ వంకర! ఒకటి అటు, ఒకటి ఇటు... కొనలు బయటికి తిరిగిపోయి ఉన్నాయి!

ఇస్సాకు ఇంకొంచెం వంగి చూసినాడు.

చెప్పులు. కుడిది ఎడమకాలికి, ఎడమది కుడికాలికి.

ముసలాయన కూడా వంగి చూసుకోని, సిగ్గుపడిపోయినాడంట.

"చీకట్లో వణుకుతా తొడుక్కున్నా బేటా. జిన్ను కాళ్ళు చూసేదానికి వస్తాంటే... మరి నాకు భయమెయ్యదా?"