ఎలుకల్లో మాయమైన గనేరియా

పోయింది నగ కాదు, నోట్లకట్ట కాదు. గనేరియా. ఇదేం ఖర్మరా బాబూ అని డిటెక్టివ్ తల పట్టుకున్నాడు.

ఈ రోగం ఒకసారి తగ్గినా ఒంటికి బుద్ధి రాదు, మళ్ళీ సోకుతుంది. అలా సోకకుండా ఒంట్లో రక్షణ పెంచే మందును ల్యాబ్‌లో రీసెర్చ్ స్కాలర్, ఒకసారి రోగం సోకి తగ్గిన ఎలుకల్లో సగానికే ఇచ్చింది. తర్వాత అన్నిటికీ రెండోసారి క్రిమిని ఎక్కించారు. మందు పడిన ఎలుకల్లో క్రిమి లేదు. సంతోషం. మందు పడని ఎలుకల్లోనూ లేదు!

ల్యాబ్ పెద్ద డాక్టరుగారు మండిపడ్డారు. ఆ పిల్ల పొరపాటున అన్నిటికీ మందు పోసి బుకాయిస్తోందన్నారు. ఆమెను ఎలుకల గదిలోకి రానివ్వలేదు. తప్పు రుజువైతే ఆమె పీహెచ్‌డీ గోవిందా.

డిటెక్టివ్ అందర్నీ విసిగించాడు, తనూ విసిగిపోయాడు. మందు సీసాలు లెక్క ప్రకారమే ఉన్నాయి. తాళాలు భద్రం. ఎలుకల బోనులు చూసే కేజ్ అటెండెంట్ తనకేమీ తెలియదన్నాడు. ల్యాబ్ మందుల ఘాటుకి తుమ్ములొకటి. చిరాకెత్తిపోయింది.

"మొదటిసారికీ ఇప్పటికీ ఏం మారిందమ్మా?"

"ఏం లేదు సార్. టెస్టు గది పైకి మార్చారు, అంతే. దారిలో నేను పాడుచేస్తానని ఈసారి ఎలుకల శాంపిల్స్ డాక్టరుగారే తీసుకెళ్ళారు."

డాక్టరుగారు నొచ్చుకున్నారు. పై గదికి అప్పటికే తాళం వేశారట. శాంపిల్స్ పాడవకుండా రాత్రంతా ఐస్ బాక్సులో ఉంచి, పొద్దున టెస్టు చేశారట. ఇరవయ్యేళ్ళుగా రక్తం శాంపిల్స్‌ని అలాగే దాచిన చేయి తనదన్నారు.

స్కాలర్ మొహం పాలిపోయింది. "ఐస్‌లోనా సార్? ఈ క్రిమికి చలి పడదు. చచ్చిపోతుంది."

ల్యాబ్‌లో పెంచుతున్న క్రిమితోనే డిటెక్టివ్ రెండు శాంపిల్స్ చేయించాడు. ఒకటి మొదటిసారిలాగే వెంటనే క్రిమి పెరిగే ప్లేటు మీద పూసి వెచ్చగా ఉంచారు. రెండోది డాక్టరుగారి పద్ధతిలో. మూడో రోజు అందర్నీ పిలిచి ప్లేట్లు చూపించాడు. మొదటిదాని నిండా క్రిమి పెరిగిన చుక్కలే. రెండోది కడిగిన కంచంలా ఉంది.

"క్రిమి ఎలుకల్లోంచి పోలేదు సార్. మీ బాక్సులో పోయింది. ఈ అమ్మాయి తప్పేం లేదు."

డాక్టరుగారు క్షమించమన్నారు. స్కాలర్‌కి అదేమీ పట్టలేదు. అప్పుడే లేచి గ్లౌజులు తొడుక్కుంటోంది.

"ఎలుకల్ని ఇప్పుడే మళ్ళీ పరీక్షిద్దాం సార్. నా మందు పనిచేసిందో లేదో తేలిపోతుంది."

అటెండెంట్ నేల చూపులు చూశాడు. ఎలుకల సంగతి ఇన్నాళ్ళూ డిటెక్టివ్ అడగలేదు, అతను చెప్పలేదు. పనికిరాని ఎలుకలకి తిండి దండగని, కేసు మొదలైన రోజే డాక్టరుగారు అన్నిటినీ చంపించేశారు.

డిటెక్టివ్‌కి తన మీద తనకే ఒళ్ళు మండింది. స్కాలర్ గ్లౌజులు ఒక్కొక్కటే విప్పి బుట్టలో పడేసింది.

"అయితే మళ్ళీ మొదట్నుంచే," అంది.