చెడిపోని రోడ్డు

"నాకు తారు రోడ్డే కావాలి," అన్నాడు ఎలియేసర్.

కొత్త రోడ్డు సంగతి తేల్చడానికి బడిలో కూర్చున్న ఊరంతా వెనక్కి తిరిగి చూసింది. కాఫీ బస్తాలు దింపే జీపు నడపడం తప్ప మాట్లాడగా ఎవరూ చూడని మనిషి.

"ఎందుకో చెప్పండి," అంది నోహెలియా. పట్నం నుంచి వచ్చిన రోడ్ల ఇంజనీరు.

"నల్లగా, నున్నగా ఉంటుంది. జీపు జారిపోతుంది."

"జారుతుంది. తిన్నగా లోయలోకి."

అందరికంటే గట్టిగా ఎలియేసర్ వాళ్లమ్మే నవ్వింది.

"ఇవాళ తారే చవక," అంది నోహెలియా. "కానీ ఈ ఏటవాలుకి, ఈ వానలకి నాలుగేళ్లు ఆగదు. మళ్లీ తారు కాచాలి, మళ్లీ పొగ. లేచిపోయిన పెళ్లలు మీరు తాగే వాగులోకే పోతాయి. చక్రాల కింద రెండు సిమెంటు పట్టీలు, మధ్యలో ఏటి రాళ్లు వేస్తే ఇప్పుడు ఖర్చెక్కువ. ముప్పయ్యేళ్లు నన్ను పిలవక్కర్లేదు."

ఆ చివరి మాటే ఎలియేసర్ గుండెల్లో గుచ్చుకుంది.

"సిమెంటు తయారీకి పొగ రాదా ఇంజనీరమ్మా?" రేడియోలో ఎప్పుడో విన్న ఒక్క ముక్కనూ వాడేశాడు.

"చాలా వస్తుంది. అందుకే రోడ్డంతా వద్దు, పట్టీలే అంటున్నా." అప్పుడు అతన్ని నిదానంగా చూసింది.

చేతులెత్తారు. రాళ్లకి ఇరవై రెండు, తారుకి ఒకటి. ఆ ఒక్క చెయ్యీ అందరికంటే పొడుగ్గా ఉంది.

ఇంటికొకరు చొప్పున నెల రోజులు శ్రమదానం. ఎలియేసర్ జీపులో ఏటి రాళ్లు మోశాడు, ఎవరూ అడగకుండానే. ఆమె ఇటు చూస్తే అతను రాళ్లకేసి చూసేవాడు.

ఆఖరి రోజున అరటికాయ, కర్రపెండలం వేసిన కోడి పులుసు గుండిగ తెమ్మన్నారు. తెచ్చాడు. చెట్టు కింద నోహెలియా జుట్టు విప్పి ముడేసుకుంటోంది. జీపు కుడివైపు చక్రాలు పొద్దున్నే పోసిన పచ్చి పట్టీ మీదుగా ఎనిమిది అడుగులు నడిచాయి. పులుసు ఒలకలేదు. పరువొక్కటే పోయింది.

నోహెలియా వచ్చి వంగి చూసింది. "సరిచేసే అదును దాటింది. ఇది ముప్పయ్యేళ్లు ఉంటుంది తెలుసా? మీకు నా రోడ్డంటే అంత కోపమా?"

"కోపం కాదు."

"మరి తారు తారు అని ఎందుకన్నారు?"

ఎలియేసర్ టోపీ తీశాడు, పెట్టుకున్నాడు, మళ్లీ తీశాడు. "తారయితే చెడిపోతుంది. చెడిపోతే మీరొస్తారు."

గుండిగ దగ్గర గరిటెల చప్పుడు ఆగింది.

"నాలుగేళ్లకోసారి రోడ్డు పోగొట్టుకునే బదులు," అంది నోహెలియా, "రమ్మని అడిగితే ఎంత ఖర్చవుతుంది మీకు?"

అతను లెక్క వేశాడు. జీవితంలో అతను తప్పు లేకుండా వేసిన లెక్క అదొక్కటే.

"ఆదివారం రండి," అన్నాడు.

వాన పడితే ఆ టైరు గుర్తులో ఇప్పటికీ నీళ్లు నిలుస్తాయి. ప్రతి ఆదివారం ఇంజనీరమ్మ వచ్చి, దాని పక్కన కూర్చుని వేడి బెల్లం నీళ్లు తాగి, మరమ్మతు అవసరం లేదని తేల్చి వెళ్తుంది. ఈ మధ్య వెళ్లడం కూడా మానేసింది.